పోలయ్య వాటా

6204వ రోజు

గాలి దక్షిణం నుంచి, మెల్లగా. మంచినీళ్ల మోటారు రెండు గంటలు నడిచింది, పదకొండు పీపాలు నిండాయి. నాచు ఆరబెట్టడానికి ఎండ బాగుంది.

పాత పుస్తకం నిన్నటితో నిండింది. ఇది కొత్తది. రోజుల లెక్క మాత్రం మేము ఒడ్డు వదిలిన నాటి నుంచే. నా తరవాత ఈ పని చేసేవాళ్లకు పనికొస్తుందని మొదటి రోజు కాస్త వివరంగా రాస్తున్నాను.

శాటిలైట్ ఉదయం ఐదు నలభైకి నెత్తి మీదికి వస్తుంది, ఆరు దాటి రెండు నిమిషాలకు వెళ్లిపోతుంది. ఈ ఇరవై రెండు నిమిషాల్లోనే మా తెప్ప మీది డెబ్బై మూడు ఇళ్లకూ ఒడ్డు నుంచి యంత్రంలోకి రావలసినవన్నీ దిగాలి. దాన్ని మూట అంటాము. దింపేది నేను, సూరాడ దానయ్యను. ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. యంత్రంతో వచ్చిన పుస్తకాలు చూసి నేర్చుకున్నాను, కాబట్టి ఇందులో తప్పులు కూడా నావే.

ఏడు గంటలకు జనం నాచు తిప్పడానికి నడిమి తెప్ప మీదికి వస్తారు. అప్పుడు మూట చదువుతాను. వెనక ఒడ్డున పెళ్లిళ్లలో చదివింపులు చదివినట్టే: ఇంటిపేరు, మనిషి పేరు, ఏం వచ్చింది. మూట అందరిదీ కనక ఎవరికి ఎంత దిగిందో అందరికీ తెలియాలని తెప్పకి పెద్ద అయిన మొదటి సరంగు పెట్టిన పద్ధతి.

ఈ రోజు దిగినవి: ఉత్తరాలు నలభై, పాఠాలు పదిహేడు, సినిమాలు మూడు, డాక్టరు జవాబులు రెండు. ఎర్ర చీటీలు ఐదు. ఐదూ మైలపల్లి పోలయ్య పేరునే.

ఎర్ర చీటీ అంటే పెద్దవాళ్లు చూసే బూతు వీడియో. చీటీ అతికించనిదే దాన్ని ఎవరూ పంపకూడదని ఒడ్డు చట్టం. అందులో కనిపించే ప్రతి మనిషీ ఏడాదికోసారి మళ్లీ సరే అని చెప్పాలి. ఆ గడువు తేదీ చీటీ మీద ఉంటుంది. నాకు చీటీయే కనిపిస్తుంది, బొమ్మ కనిపించదు. మా తెప్ప మీద వీటిని నిషేధించలేదు. పేరు పెట్టి గట్టిగా చదివితే సిగ్గుకి ఎవరూ తెప్పించుకోరని పెద్దలు అనుకున్నారు. చాలా ఏళ్లు నిజంగానే ఎవరూ తెప్పించుకోలేదు.

పోలయ్య పదకొండు నెలల కిందట నాచు తాళ్లు సరిచేయడానికి వెళ్లి గాలివానలో చిక్కుకున్నాడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. మూటలో తలా ఒక వాటా ఉంటుంది; సముద్రంలో తప్పిపోయినవాడి వాటా ఏడాది దాకా తీయకూడదు. ఆరు నెలల తరవాత తిరిగొచ్చినవాళ్లు మాలో ఇద్దరున్నారు. అందుకని పోలయ్య వాటా అలాగే ఉంది. ఏ ఇంటి యంత్రం నుంచైనా ఆ పేరు కొట్టి అడగవచ్చు. అడుగుతున్నారు.

చదువుతుంటే ఎర్రన్న అన్నాడు, "పోలయ్య బావ ఎక్కడున్నాడో గానీ మా జోరు మీదున్నాడు."

నవ్వారు. పోలయ్య భార్య తవిటమ్మ రెండో వరసలో నాచు తిప్పుతూ ఉంది. చెయ్యి ఆపలేదు.

6206వ రోజు

గాలి లేదు. సముద్రం పళ్లెంలో పోసిన నూనెలా ఉంది. మధ్యాహ్నం ఎండుచేపల పులుసు, బాగా కుదిరింది.

పిల్లలు కొత్త ఆట కనిపెట్టారు. ఒకరు నాలాగా చాప మీద నిలబడి పేర్లు చదువుతారు. చివర్లో ఎవరో ఒకరి పేరు చెప్పి "ఎర్ర చీటీ!" అని అరుస్తారు. ఆ పేరున్నవాళ్లు పరిగెత్తాలి, మిగతావాళ్లు పట్టుకోవాలి. అదేమిటో వాళ్లకు తెలియదు. పట్టుబడితే పరువు పోతుందని మాత్రం తెలుసు.

ఎర్ర చీటీలు ఆరు.

6209వ రోజు

వడపోత గుడ్డ మార్చాను. నీళ్లు తొమ్మిది పీపాలే.

పొద్దెక్కాక తవిటమ్మ నా గదికి వచ్చింది. గడప దగ్గరే నిలబడింది.

"అన్నా, ఆయన పేరున ఎవులు అడుగుతన్నారో నీకు తెలస్తాదా?"

"తెలస్తాది." ప్రతి ఇంటి యంత్రానికీ ఒక అంకె ఉంటుంది.

"సెప్పవు."

"సెప్పను."

"అది అడగటానికి రానేదులే. మా బంగారి సంగతి సెప్దామని వచ్చినాను." బంగారి వాళ్ల అమ్మాయి, ఆరేళ్లుంటాయి. "నాన్న బతికే ఉన్నాడమ్మా అంతంది. ఎందుకే అంటే, రోజూ అందరికన్నా నాన్నకే ఎక్కువొస్తంది గదా అంతంది. నువ్వు సదవడం ఆపగానే తూరుపంచుకి పోయి కూకుంతంది. అక్కడ కంచె కూడా నేదు. కాలు జారితే ఏటి గతి?"

కూర్చోమని పీట జరిపాను. కూర్చోలేదు.

"ఎర్ర చీటీ అంటే ఏటమ్మా అని అడిగినాది. ఏటి సెప్పాల? ఎర్ర కాయితం మీద రాసిన ఉత్తరాలే అన్నాను. నాదే బుద్ధి తక్కువ. ఇప్పుడు ఇన్ని ఉత్తరాలందుకుంతన్నాడు, మనకి ఒక్క జవాబు రాయడేటి అని రాత్రంతా ఏడిసినాది."

నాచు తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. తూర్పు అంచుకి అడ్డంగా రెండు వరసల తాడు కట్టి వచ్చాను.

6210వ రోజు

సరంగు గున్నయ్య దగ్గరికి వెళ్లాను. నాకు బావ వరస. మూట చదివింపు పెట్టిన మొదటి సరంగు ఆయన తండ్రే. టీ ఇచ్చాడు, బెల్లం ఎక్కువ వేసి. తవిటమ్మ చెప్పినదంతా చెప్పాను. ఆయన ముఖం నల్లబడింది.

"పేర్లు ఇచ్చీ, దానయ్యా. నడిమి తెప్ప మీద పలక కట్టించి రాయించేస్తాను. ఆ తరవాత ఎర్ర చీటీ అన్న మాటే ఇక్కడ ఇనబడకూడదు. మొత్తం ఆపేద్దుం."

"ఆపితే ఇంకో దొంగదారి ఎతుకుతారు బావా. ఈ దారి మనం సదివి సదివి సూపించిందే."

"అంటే ఏటి, నాదే తప్పంతావా?"

"పద్ధతిదంతన్నాను."

"పద్ధతి మా అయ్య పెట్టినాడ్రా!"

"మంచి పద్ధతే. ఉత్తరాలకి, పాఠాలకి."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "అయితే ఇను. పున్నమి సభ ఎనిమిదో నాడు. అక్కడ నిలబడి పేర్లు సదువు. నేదా, మూట దింపే పని ఇంకోడికిచ్చేస్తాను."

ఇంకెవరికీ ఆ పని రాదని మా ఇద్దరికీ తెలుసు. అయినా ఆయన అన్నాడంటే చేస్తాడు.

ఎర్ర చీటీలు ఐదు.

6211వ రోజు

పాత పుస్తకం తీసి మొదటి నుంచి చూశాను.

పోలయ్య పేరున మొదటి ఎర్ర చీటీ 5911వ రోజున దిగింది. అతను తప్పిపోయిన నలభై ఆరో నాడు. అడిగిన యంత్రం నాది.

నా భార్య పోయి తొమ్మిదేళ్లయింది. గదిలో నేనొక్కడినే. ఆ రోజు చూడాలనిపించింది. నా పేరు నేనే పైకి చదువుకోవాలి కదా అని ఆగాను. ఆ తరవాత పోలయ్య వాటా గుర్తొచ్చింది. పుస్తకంలో "పోలయ్య వాటా: ఒకటి" అని రాసుకున్నాను. మర్నాడు అదే చదివాను. అప్పుడు ఎవరూ నవ్వలేదు, ఏదో పొరపాటు అనుకున్నారు. కాని విన్నారు. ఆ పేరు కొడితే దిగుతుందని తెలిసింది. వారం తిరక్కుండా రెండో ఇల్లు, నెలకి నాలుగు. ఇప్పుడు నాతో కలిపి తొమ్మిది ఇళ్లు.

నేను అడిగినవి మొత్తం ఐదు. చూసినందుకు బాధ లేదు, అతని పేరు వాడుకున్నందుకే. పోలయ్య మంచివాడు, నా పడవకి రెండుసార్లు తారు పూసిపెట్టాడు.

ఇవాళ మిగతా పనులు రాయలేదు. నీళ్లు పది పీపాలు.

6213వ రోజు

నిబంధనల పుస్తకంలో ఒక దారి కనిపించింది. మనిషి ఇక లేడని ఇంటివాళ్లు వేలిముద్ర వేస్తే ఏడాది నిండకుండానే వాటా తీసేయవచ్చు. తవిటమ్మ తాళ్లు అల్లుతుంటే వెళ్లి చెప్పాను.

"నా సేత్తో ఆయన్ని సంపమంతావా అన్నా?"

పొరపాటయిందని చెప్పి లేవబోయాను.

"కూకో. అడగాలనుకున్నాను. ఆ చీటీ మీద ఏటి రాసుంతాది?"

చెప్పాను. అందులో ఉన్నవాళ్లు ఏటేటా సరే అనాలని, తేదీ ఉంటుందని.

"మరి ఆ తేదీ సదవవేటి? సూసినోళ్ల పేర్లు ఊరంతా ఇనేలాగ సదువుతావు. అందులో ఉన్నోళ్లు ఇప్పటికీ సరే అన్నారో నేదో ఎప్పుడైనా సూసినావా?"

"ఒడ్డు మీద సూసే పంపుతారు."

"పంపినాక?"

ఒకసారి దిగినదాన్ని మళ్లీ దింపడం దండగని గాదెలో ఉంచుతాము. గాదె అంటే నా గదిలో ఉన్న ఇనప పెట్టె, తెప్ప మొత్తానికి ఒకటే. మళ్లీ ఎవరైనా అడిగితే అందులోంచే ఇస్తుంది. అక్కడ తేదీ ఎవరూ చూడరు. నేనూ చూడలేదు.

"అదన్నమాట," అని తవిటమ్మ తాడు ముడి పళ్లతో బిగించింది. "పేరు ఎవులిదైతే ఆళ్లని అడగాల. ఈ తెప్ప మీద ఎవులికీ ఆ అలవాటు నేదు."

6215వ రోజు

రెండు రోజులు గాదె పని. ఎర్ర చీటీలున్నవి నూట నలభై. వాటిలో గడువు దాటినవి యాభై రెండు. ఒక్కొక్క చీటీ నంబరు ఒడ్డుకి పంపి అడిగాను. నలభై ఒకటికి మళ్లీ సరే అని వచ్చింది. తొమ్మిదింటికి జవాబు లేదు. రెండింటికి "ఇక వద్దు" అని వచ్చింది. ఆ రెండూ ఒక్క మనిషివే. నాలుగు నెలల కిందటే వద్దని చెప్పిందట. ఒడ్డున అన్నిచోట్లా తీసేశారు. ఈ నాలుగు నెలల్లో మా గాదె లోంచి అవి ముప్పై సార్లు వెళ్లాయి.

పదకొండూ చెరిపేశాను. ఆ రెంటిలో ఒకటి నేను అడిగినదే. నేను అడిగినప్పుడు ఆమె ఇంకా సరే అనే ఉంది. తేదీలు చూసుకుని కాస్త ఊపిరి పీల్చుకున్నాను. అయినా నేను చూసుకున్నది ఇవాళే.

సాయంత్రం ఎర్రన్న వచ్చాడు. గడపలో నిలబడి తల గోక్కున్నాడు.

"మావా, గాదెలోంచి ఏవో పోనాయంట గదా?"

"ఏవి?"

"నాకెలా తెలస్తాది? ఎవులో అనుకుంతన్నారు."

"ఎవులు?"

"ఎవులో." తలుపు అటూ ఇటూ ఊపి చూశాడు. "మళ్లీ వస్తాయేటి?"

"రావు."

"సరే. అడగమన్నారని అడిగినాను."

వెళ్లేటప్పుడు నా తలుపు వదులుగా ఉందని మేకు కొట్టి పోయాడు. మంచి పనివాడు.

6218వ రోజు, పున్నమి

సభ ఎండ తగ్గాక నడిమి తెప్ప మీద జరిగింది. పిల్లల్ని బడి తెప్ప మీదికి పంపారు. సరంగు నాచు పీపా మీద కూర్చుని నన్ను పిలిచాడు.

"సదువు దానయ్యా."

కాగితం అక్కర్లేదు. రోజూ నిలబడే చోటే నిలబడి, రోజూ చదివే గొంతుతోనే చదివాను.

"సూరాడ దానయ్య. ఎర్ర చీటీలు ఐదు. పోలయ్య పేరున."

తాళ్లు కిర్రుమనడం వినిపించింది. సరంగు కళ్లు చిన్నవి చేసి చూశాడు.

"మొదటిది నాదే," అన్నాను. "నన్ను ఇని మిగతావోళ్లు నేర్సుకున్నారు. ఆళ్ల పేర్లు నాను సదవను. పని తీసుకుంతే తీసుకో బావా."

ముందుగా నోరు తెరిచింది కొర్లమ్మ. మా తెప్ప మీద అందరికన్నా పెద్దది, డెబ్బై దాటాయి.

"ఓర్నీ! బెల్లం కొట్టిన రాయిలాగ కూకుంతావు, నీలో ఇంతుందేట్రా!" అని చేతికర్ర ఊతగా లేచింది. "నావి రెండు. ఒకటి సగంలో నిద్దరొచ్చీసినాది. నన్నేటి సేస్తారో సేసుకోండి."

జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వులో ఎర్రన్న లేచాడు.

"నావి... కొన్ని."

"కొన్నంటే ఎన్నిరా?" అన్నాడు సరంగు.

"లెక్కెట్టనేదు బాబూ."

అతని భార్య భుజం మీది తువ్వాలు తీసి అతని ముఖాన కొట్టింది. ఆమె కూడా నవ్వుతూనే ఉంది, కాని ఇంటికెళ్లాక ఏం జరిగిందో తెలియదు. తరవాత ఇంకో ఇద్దరు లేచారు. తొమ్మిది ఇళ్లలో ఐదు ఇళ్లవాళ్లు చెప్పుకున్నారు. నాలుగు ఇళ్లవాళ్లు లేవలేదు. నేను వాళ్ల వైపు చూడలేదు, ఇక్కడా రాయను.

అప్పుడు తవిటమ్మ లేచింది. నవ్వులు ఆగిపోయాయి.

"మీరు సూసినారని నాకు కోపం నేదు. మీ పేరున సూసుకోండి, మీ యిష్టం. ఆయన పేరు ఎందుకు తీసినారు? సముద్రంలో పోయినోడు అడగడని గదా? ఆయన అడగడు. నా గుంట బంగారి అడుగుతంది." నా వైపు తిరిగింది. "అన్నా అని పిలిసినాను నిన్ను."

అంతే. కూర్చుంది.

సరంగు చాలాసేపు గడ్డం రుద్దుకున్నాడు. పలక సంగతి మళ్లీ ఎత్తలేదు. రేపటి నుంచి ఎర్ర చీటీలు పైకి చదవవద్దన్నాడు. ఎవరికి వారు తమ పేరునే అడగాలి. పిల్లలున్న ఇళ్లలో పెద్దవాళ్ల వేలిముద్ర లేనిదే అవి తెరుచుకోకూడదు. గాదె తేదీలు నెలనెలా నేను చూడాలి, గడువు దాటితే ఎవరినీ అడక్కుండా చెరిపేయాలి. తప్పిపోయినవాడి వాటాని ఇంటివాళ్లు తప్ప ఎవరూ ముట్టకూడదు. మొత్తం ఆపేయాలని ఇద్దరు పట్టుబట్టారు. చేతులెత్తమంటే పదహారు లేచాయి, చాలలేదు.

"పని ఎవులికీ ఇవ్వనులే," అన్నాడు నాతో, లేచి పోతూ. "కానీ మా అయ్య ఉంటే నిన్ను నీళ్లలోకి తోసీవోడు."

6220వ రోజు

మూట చదివేటప్పుడు తవిటమ్మ రావడం లేదు. ఎదురుపడితే తల తిప్పుకుంటోంది. అది న్యాయమే.

ఈ రెండు రోజులూ పోలయ్య పేరు చదవలేదు. అడిగినవాళ్లు లేరు కనక చదవడానికి ఏమీ లేదు. బంగారి మాత్రం తూర్పు అంచున నేను కట్టిన తాడు పక్కన కూర్చునే ఉంది. ఒక పూట కాదు, రెండు పూటలా.

6221వ రోజు

మధ్యాహ్నం తవిటమ్మ పిల్లని చేయి పట్టుకుని నా గదికి తీసుకొచ్చింది.

"నాన్న పేరు సదవడం మానీసినారు, నాన్నకేటో అయిపోనాది అని అన్నం తినడం మానీసినాది. నావల్ల కావడం నేదు. నువ్వే సెప్పు." అని గుమ్మం బయట, మా ఇద్దరికీ వీపు పెట్టి కూర్చుంది.

బంగారిని పీట మీద కూర్చోబెట్టాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. జరిగినట్టే చెప్పాను.

"బంగారీ, ఆ మూటలు మీ నాన్న తీసుకోనేదమ్మా. నాను తీసుకున్నాను. ఇంకొంతమంది తీసుకున్నారు. మీ నాన్న పేరు సెప్పి."

"దొంగతనమా?"

"అలాంటిదే."

"ఎర్ర కాయితం ఉత్తరాలా?"

"ఉత్తరాలు కావు. పెద్దోళ్లు సూసుకునే బొమ్మలు. నీకెలా సెప్పాలో తెలక అమ్మ ఉత్తరాలంది."

గుమ్మం బయట తవిటమ్మ వీపు కదల్లేదు.

"అయితే నాన్నకేటీ రానేదా?"

"ఏటీ రానేదు."

"ఒక్కటీ?"

"ఒక్కటీ నేదమ్మా. ఆయన అడిగింది కూడా ఏటీ నేదు. వచ్చుంతే నాను దింపీవోణ్ణి."

చాలాసేపు కాలి బొటనవేలితో చెక్క గీరింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అయితే అలగే సదువు," అంది. "నాన్న పేరు సెప్పి, ఏటీ రానేదని సదువు. అందరూ ఇనాల."

తవిటమ్మ అప్పుడు లేచింది. నా వైపు చూసి తల ఊపింది.

6222వ రోజు

గాలి తూర్పు నుంచి. ఉత్తరాలు ముప్పై ఎనిమిది, పాఠాలు ఇరవై. అన్నీ అయ్యాక చదివాను:

"మైలపల్లి పోలయ్య. ఏమీ లేదు."

ఎవరూ నవ్వలేదు. ఎర్రన్న తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. బంగారి విని, తల్లి పక్కన కూర్చుని, నాచులో గవ్వలు ఏరింది.

6226వ రోజు

మంచినీళ్లు పన్నెండు పీపాలు, ఈ నెలలో ఇదే ఎక్కువ. ఎర్ర చీటీలు ఏడు, ఎవరి పేరున వారివి. చదవలేదు. పిల్లలు ఆ ఆట మానేసి తాడాట మొదలుపెట్టారు.

తవిటమ్మ గిన్నెలో చింతచిగురు రొయ్యలు పంపింది. చింతచిగురు ఒడ్డు పడవలో వచ్చినట్టుంది. గిన్నె కడిగి తిరిగిచ్చాను. "కారం సరిపోయిందా అన్నా?" అంది. సరిపోయిందన్నాను. నిజానికి కొంచెం ఎక్కువే.

6230వ రోజు

పోలయ్యకి ఏడాది నిండింది. ఇవాళ్టి నుంచి ఆ వాటా తవిటమ్మది.

నడిమి తెప్ప మీదికి అందరూ వచ్చారు, సరంగు కూడా. ఉత్తరాలు, పాఠాలు చదివాను. ఆఖరిసారి చదివాను: "మైలపల్లి పోలయ్య. ఏమీ లేదు." కాసేపు ఎవరూ నాచు ముట్టుకోలేదు. తవిటమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది, ఒకసారి గట్టిగా.

తరవాత కొత్త వరస మొదలుపెట్టాను. "మైలపల్లి తవిటమ్మ. అక్క దగ్గర్నుంచి ఉత్తరం ఒకటి. మైలపల్లి బంగారి. లెక్కల పాఠం ఒకటి."

"లెక్కలా?" అంది బంగారి. "నాకొద్దు. ఎనక్కి పంపీ."

"దిగిన మూట ఎనక్కెళ్లదమ్మా."

"అయితే నీ పేరున రాసుకో."

ముందు కొర్లమ్మ నవ్వింది. తరవాత అందరూ. తవిటమ్మ తల వంచుకుని నాచు తిప్పుతోంది, భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందేమోనని చూశాను. నవ్వుతోంది.

రాసుకున్నాను. సూరాడ దానయ్య: లెక్కల పాఠం ఒకటి.